నీరంటని నూగు

1944 నవంబరు 6

గురజాల వైపు నుంచి మేకతోళ్ళు వచ్చాయి. ఉప్పు సరిగా వేయలేదు. కొన్నిటికి మెడ దగ్గర తాడు ఒరిపిడి, వెంట్రుక లేచిపోయి ఉంది. అవి మూడో రకం. ఇంట్లో కట్టేసి పెంచిన మేకలతో ఎప్పుడూ ఇదే బాధ.

తోళ్ళ మండీ లెక్కలు మండీలోనే రాసి వచ్చాను. ఇది ఆ పుస్తకం కాదు. పాత రసీదుల వెనకవైపు ఖాళీగా ఉంటే దారంతో కుట్టుకున్నాను. కాగితం దొరకని కాలం. గురవమ్మ చూసి, "పగలంతా అక్కడ రాస్తావు. మళ్ళీ ఇంటికొచ్చి ఏం రాస్తావయ్యా?" అంది. ఏమీ లేదన్నాను. నాలుగు మాటలు పలకడం కంటే నాలుగు ముక్కలు రాయడం నాకు తేలిక. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా అడుగుతుంది.

నవంబరు 9

గాలి. పని లేదు.

నవంబరు 13

మండీ యజమాని జహంగీర్ సాహెబు గారు ముందు గదిలోకి పిలిచారు. చేతిలో ఉత్తరం. మద్రాసులో బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే చెట్టియారు తన తెలుగు గుమాస్తా చేత రాయించాడు. పోయిన నెల మేకతోళ్ళ కట్టలతో పాటు మేము కొన్ని నీటికుక్క తోళ్ళు పంపాం. కొండల వైపు వేటగాళ్ళు తెచ్చినవి. సాహెబు గారు వాటిని ఊద్‌బిలావ్ అంటారు.

"విను యల్లమందా. 'మాచర్లలో ఈ తోళ్ళు ఏరినవాడెవరో గాని, వాడి చేతికి చూపుంది.' నిన్నే అంటున్నాడు."

ఆయనే మళ్ళీ చదివారు. తరవాత ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు ఉత్తరం బల్ల మీదే ఉంది. నేనూ చదువుకున్నాను. నేను బడికి పోయినవాణ్ణి కాదు. నాయన ఏట్లో పోయాక చిన్నప్పుడే ఈ మండీకి వచ్చాను. గోనె కట్టల మీద కొట్టే ఊళ్ళ పేర్లు చూసి అక్షరాలు పట్టుకున్నాను. నా గురించి ఎవరైనా రాయడం ఇదే మొదలు.

చెట్టియారుకు ఇంకా కావాలట. ఊటీలో ఉండే ఒక దొరసానికి కోటు. తోళ్ళన్నీ ఒకే చాయలో ఉండాలి.

మేకతోలు ఏరడం ఎవరైనా నేర్చుకోవచ్చు. నీటికుక్క తోలు వేరు. దానికి రెండు వరసల వెంట్రుక. పైది నున్నగా నీళ్ళను జార్చేస్తుంది. దాని అడుగున నూగు. నోటితో ఊదితే పాయ విడుతుంది గాని చర్మం కనిపించదు, అంత దట్టం. అది ఎంతసేపు మునిగినా ఆ నూగులో గాలి నిలిచే ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ ఆ గాలే బుడగలై పైకి వస్తుంది. పుట్టి పెరిగేది ఏట్లోనే అయినా దాని ఒంటికి నీరంటదు. వేళ్ళతో నూగు లోతు చూసి ఏ రకమో చెబుతాను. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను.

నవంబరు 14

ఉత్తరం సంగతి గురవమ్మకు చెప్పాను.

"చేతికి చూపుందంటనా? మరి పొద్దుట్నించీ చుట్టపెట్టె ఎతుకుతన్నావుగా, దాన్ని అడుగు," అంది. కాని సాయంత్రం పక్కింటి వరలక్ష్మితో ఆ మాటే చెబుతుంటే విన్నాను. మా ఆయన చేతికి చూపుందని మద్రాసు నుంచి రాశారంట అని.

నవంబరు 20

పులిబండ రేవుకు వెళ్ళి వచ్చాను. గురవమ్మ పుట్టిల్లు. అత్తకు ఒంట్లో బాగా లేదని కబురు వస్తే వెళ్ళాను. వెళ్ళేసరికి రోశమ్మత్త బండ మీద కూర్చుని చేపలు తోముతోంది. ఏం జబ్బని అడిగితే, "నీ మొహం చూడాలన్న జబ్బు. ఇప్పుడు తగ్గింది," అంది.

బామ్మర్ది పిచ్చియ్య పెంపుడు నీటికుక్క గంగుల్ని వదిలి చేపలు పడుతున్నాడు. వాడి వల చూశాను. "వల కంటే చిల్లులే ఎక్కువున్నయ్యి బావా," అన్నాడు. నూలు కంట్రోలులో ఉంది, బెస్తవాళ్ళకు దొరకదు. ఈ ఏడాదిగా ఆ ఇంటికి తిండి పెట్టేది గంగులే. పొడుగు తాడు మీద వదిలితే బండల సందుల్లోకి దూరి చేపల్ని తరుముతాడు. ఎదురుగా వలలో చిరగని మూల పట్టుకుని నిలబడతాడు పిచ్చియ్య. మొదటి చేప బండ మీద పెడతారు. అది గంగులు వాటా. మా నాయన రోజుల్లో పెంపుడు నీటికుక్కలు లేవు. అయినా మొదటి చేప బండ మీద పెట్టేవాళ్ళు, ఏదో ఒకటి వచ్చి తింటుందని. మావాళ్ళెవరూ నీటికుక్క మీద చెయ్యి వేయరు. "ఏటికి మనకంటే ముందొచ్చినయ్యి," అంటుంది అత్త.

గంగులు ఆ ఇంటికి వచ్చింది మా పసిపిల్ల చనిపోయిన నెలలో. గురవమ్మ అప్పుడు పుట్టింట్లో ఉంది. బండ సందులో దొరికిన కూనను పిచ్చియ్య తెచ్చి ఆమె ఒళ్ళో వేశాడు. గుడ్డ వత్తి మేకపాలలో ముంచి తాగించింది. దాన్ని చూడటానికే ఆ రోజుల్లో లేచి కూర్చునేది. పెద్దయ్యాక తాడుకు మెడ కోసుకుంటోందని గురవమ్మ ఏడిస్తే, నేనే మంచి దున్నతోలు ఏరి మెడకు పట్టీ కుట్టించి తెచ్చాను. తాడు ఇప్పుడు ఆ పట్టీ కొసకు కడతారు, మెడకు కాదు.

ఇవాళ గంగులు నీళ్ళలోంచి వచ్చి ఎప్పటిలాగే నా చేతులు మూచూశాడు. చూసి వెనక్కి పోయాడు. దూరంగా నిలబడి సన్నగా ఈల వేశాడు. సబ్బుతో కడుక్కునే వెళ్ళాను.

"నీ చేతులకి ఆడి చుట్టాల వాసనొస్తన్నట్టుంది బావా," అన్నాడు పిచ్చియ్య. నవ్వుతూనే అన్నాడు.

నేను చంపేవాణ్ణి కాదు. చచ్చి వచ్చినవాటిని ఏరేవాణ్ణి.

నవంబరు 28

నిజాం వైపు నుంచి పడవలో మూడు తోళ్ళు. ఒకటి బాగుంది. మిగతా రెండిటికి బల్లెం పోటు.

డిసెంబరు 2

చెట్టియారు మధ్యాహ్నం రైలుకు దిగాడు. సన్నటి మనిషి, చెవులకు దుద్దులు, చేతిలో రుమాలు. మండీలోకి వస్తూనే రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. నీటికుక్క తోళ్ళ దగ్గరకు వచ్చేసరికి తీసేశాడు. ఇద్దరం వెలుగు బాగున్న చోట కూర్చున్నాం. ఆయన ఒక తోలు తీస్తే దానికి జత నేను తీశాను. సాయంత్రం దాకా పెద్దగా మాట్లాడుకోలేదు. నా జీవితంలో ఇంత బాగా ఎవరితోనూ మాట్లాడినట్టు లేదు.

చివరకు అన్నాడు, "ఈ ఉప్పుకంపులో ఎందుకయ్యా ఉండటం? మద్రాసులో మా కొట్లో ఏరేవాడు ముసలివాడైపోయాడు. నువ్వు రా. ముందు ఈ కోటు పూర్తి చేసి చూపించు."

కోటు ఒంటికి తోళ్ళు కుదిరాయి. కాలరు మిగిలింది. కాలరుకు పెద్ద తోలు కావాలి. మెడ వెనకభాగం పొడుగ్గా, నూగు దట్టంగా, గొంతు కింద తెలుపు తేరి ఉండాలి. మా దగ్గర అలాంటిది లేదు. ఆయన తోళ్ళన్నీ మరోసారి తిరగేసి పెదవి విరిచాడు. ఆ విరుపు నాకు నచ్చలేదు.

"మా బామ్మర్ది దగ్గర ఒకటుంది. గొంతు కింద వెండిలా ఉంటుంది," అన్నాను. మాటవరసకు అన్నాను.

"తోలా?"

"బతికున్నది. పెంపుడుది."

చెట్టియారు నా వైపు చూశాడు. "పెంపుడుదంటే మెడకు తాడు కడతారేమో?"

"తాడు కట్టరు."

అబద్ధం కాదు. రెండేళ్ళ నుంచి పట్టీయే.

వాళ్ళకు నూలు అవసరమని సాహెబు గారు చెప్పారు. తోలు వస్తే వల మొత్తానికి సరిపడా నూలు మద్రాసు నుంచి పంపుతానన్నాడు చెట్టియారు. పర్మిట్లున్నవాళ్ళు ఆయనకు తెలుసట. నెలాఖరుకు మళ్ళీ వస్తాడు.

డిసెంబరు 3

గురవమ్మకు మద్రాసు సంగతి చెప్పాను. చాలాసేపు రొట్టె కాలుస్తూ ఉండిపోయింది.

"ఆడ నీళ్ళు ఉప్పగా ఉంటయ్యంటగా?"

"తాగే నీళ్ళు వేరే ఉంటాయి."

"నీకు ఈ కంపు వదులుద్ది. నీ పక్కన పడుకునే నాకూ వదులుద్ది," అంది. నవ్వింది. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. తరవాత అంది, "పోయేముందు నాలుగు రోజులు రేవులో ఉండొస్తా. గంగులు మర్చిపోతాడు లేకపోతే."

మిగతా సంగతి చెప్పలేదు. చెప్పడానికి ఇంకా ఏమీ జరగలేదు కదా.

డిసెంబరు 10

సైకిలు మీద రేవుకు వెళ్ళాను. చెట్టియారు మాట చేరవేయడం నా పని. చేరవేయకపోతే నూలు వచ్చే దారి వాళ్ళకు లేకుండా చేసినవాణ్ణి అవుతాను.

పిచ్చియ్య బండ మీద ఉన్నాడు. గంగులు అప్పుడే నీళ్ళలోంచి వచ్చి ఎండకు దొర్లుతున్నాడు. ఈసారి చింతపండుతో రుద్ది కడుక్కున్నాను చేతులు. దగ్గరకు రానిచ్చాడు. వీపు నిమిరాను. వెంట్రుకకు ఎదురు నిమిరి, వేలితో పాయ తీసి చూశాను. ఇంత నూగు నేనింతవరకు చూడలేదు.

"బావా," అన్నాడు పిచ్చియ్య. "మేకని చూసినట్టు చూస్తన్నావేంది?"

చెప్పాను. చెట్టియారు, కోటు, కాలరు, నూలు. మద్రాసు సంగతి కూడా చెప్పాను. దాచలేదు. లోపల గుడిసెలో అత్త దగ్గుతోంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"నువ్వేమంటావ్?" అన్నాడు పిచ్చియ్య.

"నేనేమీ అనను. ఆయన మాట నీకు చెప్పాను, అంతే."

"అట్టా కాదు బావా. నువ్వు ఎప్పుడూ ఏమీ అనవు. ఈ ఒక్కసారి అను."

అనలేదు. నూలు లేకపోతే ఎన్నాళ్ళు గడుపుతావని మాత్రం అడిగాను. అది అనడం కాదు, అడగడం.

"అక్కకి తెలుసా?" అన్నాడు.

తల ఊపాను. ఎటు ఊపానో ఇప్పుడు సరిగా గుర్తులేదు.

వచ్చేటప్పుడు గంగులు దారి మలుపు దాకా సైకిలు వెనకే వచ్చాడు. తాడు అంతవరకే ఉంది.

డిసెంబరు 11

చలి ఎక్కువైంది.

డిసెంబరు 12

పట్టీ విప్పి చూడాల్సింది. ఏ తోలైనా ముందు మెడ చూస్తాను. మొన్న చూడలేదు. తడిగా ఉన్నాడు, పట్టీ బిగుసుకుని ఉంది, అందుకని.

డిసెంబరు 15

పిచ్చియ్య చేయడు. వాడు బెస్తవాడు. ఏటి మీద బతికేవాడు అలాంటి పని చేయడు.

నేనూ బెస్తవాణ్ణే.

డిసెంబరు 17

రేపు రేవుకు వెళ్ళి వద్దని చెప్పి వద్దామనుకున్నాను. సైకిలు ట్యూబు పోయింది. యుద్ధం వల్ల కొత్తది దొరకదు.

డిసెంబరు 18

ట్యూబు అతికించి ఇచ్చారు. మండీలో పని ఎక్కువగా ఉంది. దున్నతోళ్ళు ఎండబెట్టాలి.

గురవమ్మ చెక్కపెట్టె దులిపి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. "మద్రాసులో చలుండదంటగా, ఈ దుప్పటి ఎందుకు?" అని ఒకసారి తీసి, మళ్ళీ పెట్టింది.

డిసెంబరు 19

వెళ్ళలేదు.

డిసెంబరు 27

రేవు నుంచి బండి తోలుకొచ్చిన పెదకోటయ్య గోతం దించి పోయాడు. పిచ్చియ్య పంపాడని చెప్పాడు. ఇంకేమైనా చెప్పమన్నాడా అంటే లేదన్నాడు.

గోతంలో తోలు ఒకటి ఉంది. పొట్ట కోయకుండా వెనక నుంచి గొట్టంలా తీశారు, బొచ్చు లోపలికి తిప్పి వెదురు బద్ద మీద సాగదీసి ఆరబెట్టారు. కొవ్వు శుభ్రంగా గీకారు. కత్తి ఎక్కడా జారలేదు. పిచ్చియ్యకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ఎప్పుడో ఒకసారి నేనే మాటల్లో చెప్పాను, ఇలా తీస్తే మంచిదని.

చెయ్యి లోపలికి పోనిచ్చి, చొక్కా చెయ్యి తిరగేసినట్టు బొచ్చు బయటికి తిప్పాను. వీపు ఒకే చాయ. నూగు లోతు. గొంతు కింద వెండి.

మెడ చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుక లేదు. పైదీ లేదు, నూగూ లేదు. చర్మం నున్నగా, పాత పచ్చడి బండలా ఉంది. రెండేళ్ళుగా పట్టీ ఒరిసిన చోటు.

గోతం అడుగున పట్టీ కూడా ఉంది. దాన్ని కూడా పంపాడు.

ఆముదం చేత్తో రాసి, చుట్టుపక్కల వెంట్రుక ఆ మీదికి దువ్వితే కొంత కప్పుకుంటుంది. పైపైన చూసేవాడికి తెలియదు. చెక్కదువ్వెన తెచ్చుకున్నాను. కూర్చున్నాను. సాహెబు గారు అటుగా వస్తూ "ఏం రకం?" అన్నారు. ఎన్నో ఏళ్ళుగా ఆయన అలా అడగడం, నేను చెప్పడం అలవాటు. నోరు దానంతట అదే అంది.

"మూడో రకం. మెడ దగ్గర ఒరిపిడి."

ఆయన ఆగి తోలు చూశారు, పట్టీ చూశారు, నన్ను చూశారు. "యా అల్లా," అన్నారు. "ఇది మీ గురవమ్మ పాలు పట్టినదే కదా భాయ్?"

చీటీ రాసి కట్టాను. మూడో రకం.

డిసెంబరు 28

గురవమ్మకు చెప్పలేదు. ఇవాళ చెబుదామనుకున్నాను. ఆమె నా చొక్కాలు ఉతికి గంజి పెట్టింది. మద్రాసులో మాసిన చొక్కాతో పోతే ఎట్టా అంది.

డిసెంబరు 30

చెట్టియారు వచ్చాడు. తోలు చేతిలోకి తీసుకుని వేళ్ళు మెడ దగ్గరకు పోనిచ్చాడు. నేను చేసేదీ అదే. అక్కడ వేళ్ళు ఆగాయి.

"తాడు కట్టరన్నావే?"

"పట్టీ కడతారు."

"తెలిసి ఊరుకున్నావా, తెలియకనా?" కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. రెండిటిలో ఏది చెప్పినా ఏరేవాడికి పనికిరాని జవాబే.

మెడ పోయాక కాలరు రాదట. చిన్న ముక్కలు చేస్తే టోపీకి పనికొస్తుందట, దానికైతే ఆయనకు అక్కర్లేదట. తోలు వెనక్కి ఇచ్చాడు. నూలు సంగతి నేను ఎత్తాను. ఎత్తకుండా ఉండలేకపోయాను. సరుకు లేనిదే నూలేమిటి అన్నాడు.

"మరి కాలరు?" అన్నారు సాహెబు గారు.

"కుందేలు తోలుకు రంగు వేసి పెడతాం. దొరసానికి తేడా ఏం తెలుస్తుంది?"

రైలెక్కే ముందు మద్రాసు సంగతి తరవాత చూద్దామన్నాడు.

కుందేలు తోలు. ముందే ఆ మాట ఎవరూ అనలేదు. నేనైనా అడిగి ఉండవచ్చు.

డిసెంబరు 31

గోతం ఇంటికి తెచ్చి తలుపు వెనక పెట్టాను. స్నానానికి పోయి వచ్చేసరికి గురవమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. తోలు ఒళ్ళో ఉంది. చెయ్యి లోపల పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

పట్టీ తీసి చూపించింది. "ఇది నువ్వు కుట్టించిందేగా?"

"అవును."

తోలుకు కట్టిన చీటీ పట్టుకుంది. ఆమెకు చదవడం రాదు. "దీని మీద ఏం రాసుంది?"

"మూడో రకం అని."

"రాసిందెవరు?"

"నేనే."

మళ్ళీ తోలు వైపు చూసింది. బయట వరలక్ష్మి పిలిచింది, పెరుగు కావాలా అని. ఇవాళొద్దులే అంది గురవమ్మ, మామూలు గొంతుతోనే. తరవాత అడిగింది.

"పిచ్చిగాడు అంత తేలిగ్గా చెయ్యడే. నాకు తెలుసా అని నిన్ను అడిగుంటాడే. అడిగాడా?"

"అడిగాడు."

"ఏం చెప్పావ్?"

"తల ఊపాను."

"ఎటు?"

ఊపి చూపించాను.

ఆమె నా తల వైపు చాలాసేపు చూసింది. "సరే," అంది. లేచి పొయ్యి దగ్గరకు పోయింది. నాకు అన్నం పెట్టింది. తను తినలేదు. చెక్కపెట్టెలో సర్దినవన్నీ తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

1945 జనవరి 2

గురవమ్మ తెల్లవారే పెదకోటయ్య బండిలో రేవుకు బయలుదేరింది. గోతం ఒళ్ళో పెట్టుకుంది. నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. వెనక సైకిలు మీద వెళ్ళాను. మండీలో తోళ్ళ కట్టలు కుట్టే పురికొస పెద్ద ఉండ సాహెబు గారిని అడిగి తీసుకున్నాను, వలకు ఏమైనా పనికొస్తుందని.

పిచ్చియ్య అక్కను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆమె వాడి దగ్గరకు పోయి, "నాకు తెలియదురా," అంది. అంతే అంది. వాడు నా వైపు చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. వాడు బండ మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ ఉండిపోయాడు.

పురికొస వాడి పక్కన పెట్టాను. కాసేపటికి కొస తీసి నీళ్ళలో ముంచి, పిండి, గోటితో గీరి చూశాడు. "నెల్లో కుళ్ళిద్ది బావా," అని వెనక్కి ఇచ్చాడు.

"ఎలా..." అన్నాను. ఏం అడగబోయానో నాకే తెలియదు.

"ఈలేస్తే వచ్చాడు," అన్నాడు. "ఎప్పుడూ వచ్చినట్టే వచ్చాడు."

రోశమ్మత్త పొద్దున పడిన మొదటి చేప బండ మీద పెట్టింది. ఇంకా పెడుతూనే ఉందట. కాకులు తింటున్నాయి.

గురవమ్మ మోకాలి లోతు దిగింది. చీటీ తెంపి నా వైపు చూడకుండా గట్టు మీదికి విసిరింది. తోలును బొచ్చు బయటికి ఉన్నట్టే రెండు చేతులా పట్టుకుని నీళ్ళ మీద వదిలింది. మునుగుతుందనుకున్నాం. మునగలేదు. వెదురు బద్ద లేదు, రాయి లేదు, వట్టి తోలు. నూగులో గాలి ఉంది. వాలుకు పోతూ ఒక్కసారి మెలిక తిరిగింది. సుడి దగ్గర కిందికి పోయింది. పోయిన చోట బుడగలు వచ్చాయి. వరసగా, ఒకదాని వెనక ఒకటి, సుడి నుంచి పెద్దబండ వైపు. లోపల ఎవరో ఈదుతూ పోతున్నట్టు.

పిచ్చియ్య ఈల వేశాడు. తెలిసి వేయలేదు. వేసి నోరు రెండు చేతులతో మూసుకున్నాడు.

గురవమ్మ ఒడ్డుకు రాలేదు. బుడగలు ఆగేదాకా నిలబడింది. నేనూ గట్టు మీద నిలబడ్డాను. అవి ఎంతకీ ఆగలేదు. అంత నూగు.

జనవరి 3

వల బాగు చేసేదాకా అక్కడే ఉంటానంది. నూలు లేదు కదా అనలేదు నేను. ఒక్కణ్ణే వచ్చాను.

జనవరి 9

మండీ. ఎండ.

జనవరి 22

చెట్టియారు ఉత్తరం. కొత్తగా వేటగాళ్ళు ఎవరైనా తెస్తే పంపమన్నాడు. మద్రాసు మాట లేదు. సాహెబు గారు నా వైపు చూశారు. ఇకమీద నీటికుక్క తోళ్ళు నేను ముట్టనన్నాను. ఇంత పెద్ద మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

"సరే, నువ్వు ముట్టకు," అన్నారు. కాసేపటికి, "ఇంకెవరో ముడతారు," అన్నారు. ఆయన అన్నదీ నిజమే.

ఫిబ్రవరి 4

రేవుకు వెళ్ళాను. గురవమ్మ పలకరించింది. చేతులు చూపించమంది, చూపించాను. మూచూసి వదిలేసింది. పాత చీర పోగులు తీసి పేని, తమ్ముడి వలకు అతుకులు వేస్తోంది. పక్కన కూర్చుని పేనడానికి కొస పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది. వచ్చేటప్పుడు ఎప్పుడొస్తావని నేను అడగలేదు.

తప్పు. అడగాలి. వచ్చే ఆదివారం అడుగుతాను. నోటితో అడుగుతాను.

ఫిబ్రవరి 7

గురజాల వైపు నుంచి మేకతోళ్ళు వచ్చాయి. ఈసారి ఉప్పు సరిగానే వేశారు. ఒకదానికి మెడ చుట్టూ వెంట్రుక లేదు. మూడో రకంలో వేశాను. మళ్ళీ తీసి, ఎండలోకి తెచ్చి చూశాను.

ఎవరో పెంచుకున్నది.